ఆరు గంటల రేసుకు ఏ ఇంజన్? సీమ కుర్రాళ్ల కోసం ఒక పోలిక

గంటల తరబడి సాగే రేసులో కారు దింపాలనుకునేవాళ్లు అనంతపురం, కర్నూలు, కడప వైపు కూడా ఉన్నారు. నలుగురు స్నేహితులు డబ్బులు వేసుకుని పాత పెట్రోల్ కారు ఒకటి కొంటారు. సీట్లు పీకేసి రోల్ కేజ్ (పల్టీ కొట్టినా డ్రైవర్‌ను కాపాడే ఇనుప పంజరం) వేయిస్తారు. ఆ తర్వాత అడిగే మొదటి మాట: "అన్నా, ఏ ఇంజన్‌కు పవర్ ఎక్కువ?"

అడగాల్సింది అది కాదు. ఐదో గంటలో కూడా ఆయిల్ ప్రెషర్ పడిపోని ఇంజన్ ఏది? ఒకవేళ పోతే మన ఊళ్లోనే విప్పి, పార్టులు తెచ్చి, మళ్లీ బిగించుకోగలిగింది ఏది? ఈ రెండూ తేలాక పవర్ గురించి మాట్లాడుకోవచ్చు. ఈ పోలిక అంతా ఆ వరసలోనే చేస్తున్నాను.

"రోడ్డు మీద రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది, ఏమీ కాలేదు" అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఎన్‌హెచ్ 44 మీద వంద స్పీడులో పోయే మారుతి ఎస్టీమ్‌కు సుమారు 20 హార్స్‌పవర్ చాలు. దాని ఇంజన్ ఇవ్వగలిగేది 85. అంటే హాయిగా నడుస్తోంది. అనంతపురం నుంచి కర్నూలు దాకా, సుమారు 150 కిలోమీటర్లు, 3000 ఆర్‌పీఎంలో (నిమిషానికి 3000 చుట్లు) పోతే క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, మూడు లక్షల చుట్లు కూడా తిరగదు. అదే ఆరు గంటల రేసులో సగటున 5500 ఆర్‌పీఎం వేసుకుంటే దాదాపు 20 లక్షల చుట్లు. అందులోనూ చాలా భాగం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచే తిరుగుతుంది.

ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకోండి. పిస్టన్ పైకీ కిందికీ పోయేటప్పుడు కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 6000 నుంచి 7000కు వెళ్తే వేగం పెరిగేది ఆరో వంతే, రాడ్ బోల్టుల మీద బలం మాత్రం 36 శాతం పెరుగుతుంది. అమెరికాలో 2006లో మొదలైన 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ లాంటి పోటీల్లో 500 డాలర్ల కార్లతో దిగుతారు. అక్కడ ఇంజన్ పోయి ఆగిపోయే కార్లలో తరచుగా కనిపించే కారణాలు మూడు: ఆయిల్ అందక బేరింగులు పోవడం, వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పట్టీ) పోవడం, తప్పు గేరు వేసి ఇంజన్‌ను లిమిట్ దాటించడం. ఈ మూడిట్లో ఒక్కటి కూడా పవర్ తక్కువై వచ్చింది కాదు.

ఇంజన్ల పోలిక

మారుతి 1300, జీ13 సిరీస్. 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) రకం ఎస్టీమ్‌లో 85 హార్స్‌పవర్, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లో 87. బోర్ (సిలిండర్ వెడల్పు) 74 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75.5, మొత్తం 1298 సీసీ. 6500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 16.4 మీటర్లు. గంటల తరబడి భరించగలిగే లెక్క ఇది. సీమలో ఏ టౌన్‌కు వెళ్లినా ఈ ఇంజన్ విప్పని మెకానిక్ ఉండడు. పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్లు సులువుగా దొరుకుతాయి. దీని బలహీనత వేడి. బ్లాక్, హెడ్ రెండూ అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా కాగితే హెడ్ వంగుతుంది, అక్కడి నుంచి గ్యాస్కెట్ నిలవదు. వాల్వులను నడిపే టైమింగ్‌కు బెల్టు ఉంటుంది కాబట్టి ప్రతి సీజన్‌కు ముందు మార్చేయాలి. దాని వయసెంతో అమ్మినవాడు చెప్పిన మాట నమ్మొద్దు. జిప్సీలో వచ్చేదీ ఇదే కుటుంబం, కానీ అక్కడ ఇంజన్ అడ్డంగా కాక కారు పొడవు వాటంగా కూర్చుంటుంది. జిప్సీ ఇంజన్ తెచ్చి ఎస్టీమ్‌లో పెట్టాలంటే సంప్ (అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం), మౌంటింగులు మార్చుకోవాలి.

మారుతి 1200, కే12. 2010 నుంచి స్విఫ్ట్‌లో వచ్చింది. 1197 సీసీ, 85 హార్స్‌పవర్. స్ట్రోక్ 71.5 మాత్రమే కాబట్టి 6500 దగ్గర పిస్టన్ వేగం 15.5 మీటర్లే. బెల్టు కాదు, చెయిన్. యాక్సిడెంట్ అయిన కార్ల నుంచి తక్కువ తిరిగిన ఇంజన్లు దొరుకుతాయి, ఇది పెద్ద లాభం. చిక్కంతా వైరింగ్‌తో. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), తాళం ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకపోతే స్టార్ట్ కానివ్వనిది), సెన్సర్లు అన్నీ ఒకే కారువి తెచ్చుకోకపోతే వారాల తరబడి స్టార్ట్ కాని ఇంజన్ ముందు కూర్చోవాల్సి వస్తుంది. మొత్తం కారే స్విఫ్ట్ అయితే ఈ తలనొప్పి లేదు.

పాత హోండా సిటీ 1500. 1998 నుంచి 2003 దాకా వచ్చిన మొదటి తరం. మామూలు రకం 100, వీటెక్ 106 హార్స్‌పవర్. మన దేశంలో రేసుల్లో, ర్యాలీల్లో బాగా పేరు తెచ్చుకున్న ఇంజన్. గేరు గేరుకూ ఎక్కాలనిపించే గుణం దానిది. ఆ గుణమే ఇక్కడ ప్రమాదం. స్ట్రోక్ 84.5 మిల్లీమీటర్లు, 6500 దగ్గర పిస్టన్ వేగం 18.3 మీటర్లకు పోతుంది. టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మంచి స్థితిలో ఉన్న కారు దొరకడమే ఇప్పుడు కష్టం. హోండా ఇంజన్లు బాగా తెలిసినవాళ్లు మీ టీమ్‌లో ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

ఫోర్డ్ ఐకాన్ 1.6. ఇనుప బ్లాక్, చెయిన్, 8 వాల్వులు. కిందనే లాగుతుంది కాబట్టి ఎక్కువ తిప్పాల్సిన పని లేదు. ఓర్పు విషయంలో నాకు నచ్చిన ఇంజన్. కానీ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది, పాత మోడళ్ల పార్టులు రోజురోజుకూ కష్టమవుతున్నాయి. ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్ పగుళ్లు ఇస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఐకాన్ ఉంటే వాడుకోండి. రేసు కోసం వెతికి మరీ కొనకండి.

డీజిల్ సంగతి ఎవరో ఒకరు అడుగుతారు, సీమలో డీజిల్ మెకానిక్‌లకు కొదవ లేదు కాబట్టి. 2006లో ఆడీ డీజిల్ కారు లే మాన్స్ 24 గంటల రేసు గెలిచిన మాట నిజమే. కానీ ముందు భాగంలో బరువు, టర్బో పుట్టించే వేడి, ఇంటర్‌కూలర్‌కు చోటు, పైగా మీరు దిగే క్లాసులో డీజిల్‌ను ఒప్పుకుంటారో లేదో చూసుకోవాలి. మొదటి కారుగా వద్దు.

నా తీర్పు సూటిగా చెప్తాను. అనంతపురం, కర్నూలు, కడపల్లో మొదటిసారి టీమ్ కట్టేవాళ్లకు 1300 ఎస్టీమ్ గానీ మొదటి స్విఫ్ట్ గానీ మేలు. బడ్జెట్ కొంచెం ఎక్కువుండి, మొత్తం కారు ఒకేసారి కొనగలిగితే కే12 స్విఫ్ట్. ట్రాక్ మీద ల్యాప్‌కు ఒకటి రెండు సెకన్లు సిటీకి వదులుకున్నా ఫరవాలేదు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు. ఇంజన్ పని మీద పిట్‌లో అరగంట ఆగితే పోయే ల్యాపులు, ల్యాప్‌కు రెండు సెకన్ల లాభంతో ఆ రోజుకు తిరిగి రావు.

గుజిరీ ఇంజనా, రీబోర్ చేయించాలా?

అనంతపురం వాళ్లు బెంగళూరు శివాజీనగర్‌కు, కడప వాళ్లు చెన్నై పుదుపేటకు, కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కు పోయి పాత ఇంజన్ తెచ్చుకోవడం మామూలే. చవక, పని తొందరగా అయిపోతుంది. రేసుకు అలా తెచ్చింది తెచ్చినట్టు బిగించడానికి మాత్రం నేను ఒప్పుకోను. కొనేముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూపించమనండి. ఒకదానికీ ఇంకోదానికీ చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కన్నా తేడా ఉండకూడదు. తెచ్చాక సంప్ విప్పి కనీసం రెండు రాడ్ బేరింగ్ క్యాపులు తీసి చూడండి. బూడిద రంగు పొర నిండుగా ఉంటే మంచిది. రాగి రంగు బయటపడితే ఆ ఇంజన్ ఇప్పటికే ఆయిల్ ఆకలి చూసిందని అర్థం. హెడ్ తీసి స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే వంపు 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు.

రెండో దారి పూర్తి రీబిల్డ్. మన ఊళ్లలో రీబోర్ (సిలిండర్‌ను కొంచెం పెద్దదిగా కోయడం), హోనింగ్ (దాని గోడను నునుపు చేయడం), హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేయడం) చేసే షాపులు ఉన్నాయి, పనితనం కూడా ఉంది. కానీ వాళ్లకు అలవాటైన పని రోడ్డు బండ్ల పని. ఓనర్‌కు శబ్దం రాకూడదు, పొగ రాకూడదు కాబట్టి పిస్టన్‌కూ బోర్‌కూ మధ్య సందు బిగుతుగా పెడతారు. రేసులో పిస్టన్ ఎక్కువ కాగి ఉబ్బుతుంది, బిగుతు బోర్‌లో అది పట్టేస్తుంది. మాన్యువల్ చెప్పిన సందులో పై హద్దు దగ్గర పెట్టమని మేస్త్రీకి ముందే చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు కొంచెం టకటక వినిపించినా సరే.

క్రాంక్ విషయంలో ఇంకా పట్టుదలగా ఉండండి. గ్రైండింగ్ చేయించి, సన్నబడిన క్రాంక్‌కు సరిపోయే అండర్‌సైజ్ బేరింగులు వేయడం రోడ్డు బండికి చాలు. రేసుకు మాత్రం స్టాండర్డ్ సైజులోనే ఉన్న మంచి క్రాంక్ వెతికి తెచ్చుకోవడం మేలు. జర్నల్ (క్రాంక్‌పై బేరింగ్ కూర్చునే చోటు) పక్కన ఉండే చిన్న గుండ్రటి మూలను గ్రైండింగ్‌లో పదునుగా కోసేస్తే, పగులు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. రాడ్ బోల్టులు కొత్తవి వేయాలి, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. బేరింగ్ సందును ప్లాస్టిగేజ్ పట్టీ (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే మెత్తని దారం) పెట్టి కొలవాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ చేతి అంచనా మీద నాకు గౌరవం ఉంది, కానీ 0.04 మిల్లీమీటరును ఏ చెయ్యీ చెప్పలేదు.

మూడో దారి పవర్ పెంచే పనులు: హై కంప్రెషన్, వేరే క్యామ్, పోర్టింగ్. మొదటి సీజన్‌లో దాని గురించి ఆలోచించొద్దు. ఆ డబ్బుతో కింద చెప్పే పనులు చేయించండి.

ఆయిల్

ఇంజన్ బతుకంతా ఇక్కడే ఉంది. ఈ ఇంజన్లన్నిటిలోనూ పట్టే ఆయిల్ మూడు, నాలుగు లీటర్ల మధ్యే. కుడి మలుపులో ఆయిల్ ఎడమకు పోతుంది, ఎడమ మలుపులో కుడికి, బ్రేకు వేస్తే ముందుకు. మలుపులో పక్కకు లాగే బలం 1 జీ అయితే సంప్‌లో ఆయిల్ 45 డిగ్రీల వాలుగా నిలబడుతుంది. పొడవాటి మలుపులో పికప్ పైపు (పంపుకు ఆయిల్ పీల్చే గొట్టం) ఆయిల్ పైకి తేలిపోతే పంపు గాలి పీలుస్తుంది, బేరింగ్ మీద ఆయిల్ పొర చెదురుతుంది. ఎంత పేరున్న ఇంజన్ అయినా ఇంతే. పోర్షే 944లో రెండో రాడ్ బేరింగ్ ట్రాక్ మీద ఆయిల్ అందక పోవడం ఆ కార్లు తోలేవాళ్లందరికీ తెలిసిన విషయం.

దీనికి మూడు పరిష్కారాలు. అన్నిటికన్నా చవకైనది సంప్‌లో పికప్ చుట్టూ రేకు అడ్డాలు వెల్డింగ్ చేయించడం. మంచి వెల్డర్ ఒక పూటలో చేస్తాడు. వెల్డింగ్ అయ్యాక లోపలి రవ్వలు ఒక్కటి కూడా మిగలకుండా కడగాలి. రెండోది, గుర్తుకు పైన అర లీటరు ఆయిల్ ఎక్కువ పోయడం. ఇది సాయపడుతుంది, కానీ అంతకన్నా మించితే క్రాంక్ తగిలి ఆయిల్ నురగ అవుతుంది, నురగకు బేరింగ్‌ను మోసే బలం లేదు. మూడోది ఆయిల్ అక్యుములేటర్, అంటే ప్రెషర్ పడగానే ఆయిల్ వదిలే సిలిండర్. మంచిదే, ఖరీదు ఎక్కువ. మొదటి రెండూ చేసి, ప్రెషర్ గేజ్ మలుపుల్లో ఏం చెప్తోందో చూసి, అప్పుడు మూడో దానికి డబ్బు పెట్టండి.

ప్రెషర్‌కు పాత లెక్క ఒకటి ఉంది, వేడి ఇంజన్‌లో ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత). కంపెనీ ఇచ్చిన ఎర్ర దీపాన్ని నమ్ముకోవద్దు. అది వెలిగేది ప్రెషర్ దాదాపు అడుక్కు పడ్డాకే, 6000 ఆర్‌పీఎంలో అప్పటికి బేరింగ్ పని అయిపోయి ఉంటుంది. 20, 25 పీఎస్ఐ దగ్గర వెలిగే స్విచ్‌తో, డ్రైవర్ కళ్లెదుట పెద్ద దీపం పెట్టించండి. ఆయిల్‌కు 15డబ్ల్యూ-50 లేదా 10డబ్ల్యూ-50 ఫుల్ సింథటిక్ చాలు. మామూలు 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ చవకే, కానీ గంటల తరబడి 120 డిగ్రీల పైన నిలవడం దానికి కష్టం. ఆయిల్ వేడి 130 దాటుతుంటే కూలర్ తప్పదు. రేసు అయ్యాక ఆయిల్ మార్చి, ఫిల్టర్‌ను కోసి మడతల్లో ఏముందో చూడండి. మెరిసే తునకలు కనిపిస్తే తర్వాతి రేసుకు ముందు సంప్ విప్పాలి.

నీళ్లు, ఎండ

ఈ విషయంలో మనకు చెన్నై, కోయంబత్తూరు టీములకన్నా కష్టం ఎక్కువ. మొదటిది బోరు నీళ్లు. మన జిల్లాల్లో బోరు నీటిలో సున్నం ఎక్కువ, ఆ నీళ్లు పోసిన రేడియేటర్ గొట్టాలు, హెడ్ లోపలి దారులు లోపల గట్టిపొర కడతాయి. బయటికి చూస్తే రేడియేటర్ కొత్తదిలాగే ఉంటుంది, వేడి మాత్రం వదలదు. గుజిరీ నుంచి తెచ్చిన కారు రేడియేటర్‌ను కడిగించి వాడుకోవడం కన్నా కొత్తది వేయడమే మంచిది. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు కూడా వద్దు, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. మామూలు రంగు కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ట్రాక్ మీద కారితే జారుతుంది, అందుకే చాలా రేసుల్లో దాన్ని ఒప్పుకోరు. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు పట్టకుండా ఉండే అడిటివ్ మాత్రమే కలపండి.

రెండోది గాలి వేడి. నీళ్లు 95 డిగ్రీలు, బయట 30 ఉంటే తేడా 65. కర్నూలు మే నెల మధ్యాహ్నంలా 42 ఉంటే తేడా 53 మాత్రమే. అదే రేడియేటర్ దాదాపు 18 శాతం తక్కువ వేడి వదులుతుంది. అందుకే గాలి పక్కల నుంచి తప్పించుకోకుండా రేడియేటర్ గుండానే పోయేలా చుట్టూ రేకు మూయడం, ఫ్యాన్ కౌల్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) సరిగా ఉండడం, 1.1 బార్ క్యాప్ కొత్తది వేయడం. ఈ మూడిటికీ ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు) పీకేయడం మన దగ్గర పాత అలవాటు. పీకేస్తే నీళ్లు అదుపు లేకుండా పరుగెత్తుతాయి, ఇంజన్ వేడి ఒక చోట నిలవదు. పనిచేసే కొత్తది వేయండి.

పరీక్షించుకోవడానికి మనకు మంచి చోటు ఉంది. కొత్తగా కట్టిన ఇంజన్‌ను తాడిపత్రి మీదుగా కడప దాకా నెమ్మదిగా నడిపి, ఆర్‌పీఎం మారుస్తూ రన్నింగ్ చేయండి. ఆ తర్వాత ఎండ వేళ కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కించండి. స్పీడు అక్కర్లేదు, రూల్స్ లోపలే, రెండో మూడో గేరులో. ఘాట్ పైకి వచ్చేసరికి వేడి గేజ్ ముల్లు మెల్లగా పైకి పాకుతుంటే రేసులో అది ఖాయంగా ఉడుకుతుంది. రోడ్డు మీద రేసు ప్రాక్టీస్ మాత్రం ఎవ్వరూ చేయొద్దు, ఆ పని ట్రాక్‌లోనే.

ఒక్క జాగ్రత్త డ్రైవర్లందరికీ చెప్పండి. నీళ్ల సెన్సర్ నీళ్లు తగిలితేనే వేడి చెప్తుంది. పైపు ఊడి నీళ్లన్నీ పోతే ముల్లు పైకి కాదు, కిందికి పడుతుంది. ముల్లు ఉన్నట్టుండి కింద పడితే వెంటనే ఇంజన్ ఆఫ్ చేయాలి.

పెట్రోల్

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, కాబట్టి అంతే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. నెమ్మదిగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని ఈసీయూ సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే చాలా పాత ఈసీయూలు ఆ సెన్సర్‌ను పక్కన పెట్టి, లోపల రాసిపెట్టిన లెక్క ప్రకారమే పోస్తాయి. ఆ లెక్క పాత పెట్రోల్‌కు రాసింది. మిశ్రమం పల్చబడి వాల్వులు, పిస్టన్లు కాగుతాయి. రేసులో తొక్కేదే పూర్తిగా కదా. ఎస్టీమ్, సిటీ లాంటివి వాడేవాళ్లు వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, ఇంధనం పాళ్లు కచ్చితంగా చెప్పేది) పెట్టి చూసుకుని, ఫ్యూయల్ ప్రెషర్ పెంచడమో ఈసీయూ ట్యూన్ చేయించడమో తప్పక చేయాలి. పాత రబ్బరు ఫ్యూయల్ పైపులన్నీ తీసేసి ఇథనాల్‌ను తట్టుకునేవి వేయండి, ఇది ఇంజన్ కన్నా ముందు డ్రైవర్ ప్రాణం సంగతి.

రెవ్ లిమిటర్‌ను (ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపేది) 6200 దగ్గర పెట్టండి. ఐదో గేరు నుంచి నాలుగుకు బదులు రెండు పడితే లిమిటర్ ఏమీ చేయలేదు, చక్రాలే ఇంజన్‌ను తిప్పేస్తాయి. అందుకే గేరు లివర్ బుష్‌లు కొత్తవి వేయించాలి, అలసిన డ్రైవర్‌ను గంటకు మించి సీట్లో ఉంచకూడదు.

రెండో ఇంజనా, స్పేర్లా?

చివరికి మిగిలే డబ్బుకు ఈ ఎంపిక ఉంటుంది. పిట్‌లో ఇంజన్ మార్చడానికి హాయిస్ట్ (ఇంజన్ ఎత్తే క్రేన్), అలవాటైన నలుగురు, కనీసం రెండు మూడు గంటలు కావాలి. 24 గంటల రేసు అయితే అర్థం ఉంది, ఆరు గంటల రేసులో లేదు. రెండో ఇంజన్ ఇంట్లోనే ఉంచి, ఆ లారీ బాడుగ డబ్బుతో స్పేర్లు తీసుకెళ్లండి. పై, కింద రేడియేటర్ హోస్‌లు, బైపాస్ హోస్, క్లిప్పులు, వాటర్ పంపు, ఫ్యాన్ బెల్టు, ఫ్యూయల్ పంపు, రిలేలు, ఫ్యూజులు, ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, ఆయిల్ ఫిల్టర్లు రెండు, ఆయిల్ ఎనిమిది లీటర్లు, డిస్టిల్డ్ వాటర్ ఇరవై లీటర్లు. హెడ్ గ్యాస్కెట్ కూడా ఒకటి సంచిలో పెట్టుకోండి. 1300 ఇంజన్ హెడ్‌ను అలవాటైన ఇద్దరు మెకానిక్‌లు ట్రాక్ దగ్గర రాత్రికి రాత్రే దించి ఎక్కించగలరు, ప్రాక్టీస్ రోజున అది పోతే మర్నాడు రేసులో దిగే దారి అదొక్కటే.